మోగేది ఇత్తడా, లోపలి గాలా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్యాండు వాయిద్యాల మీదే. పెళ్లి బ్యాండు మాస్టర్లు రాశారు, ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పే ఒకాయన రాశారు, కొడుక్కి ట్రంపెట్ కొనిచ్చి చిక్కులో పడ్డ తల్లి ఒకరు రాశారు. అందుకే ఈ పేజీలు పూర్తిగా వాటికే ఇచ్చేశాం.

ప్రశ్న: మా బ్యాండులో ట్రోంబోన్, యుఫోనియం రెండూ ఉన్నాయి. రెండింటి గొట్టమూ ఒకే పొడవట, శ్రుతీ ఒకటేనట. కానీ గట్టిగా ఊదితే ట్రోంబోన్ రేకు చీల్చినట్టు మోగుతుంది. యుఫోనియం ఎంత ఊదినా మెత్తగానే ఉంటుంది. ఊరేగింపులో అది వినబడటమే లేదు. వాయించే కుర్రాడికి ఊపిరి చాలడం లేదంటారా? – బ్యాండు మాస్టర్, రాజమహేంద్రవరం

జవాబు: కుర్రాణ్ణి ఏమీ అనకండి. రెండూ బి ఫ్లాట్ వాయిద్యాలే, మెలికలన్నీ విప్పి చాపితే రెండూ సుమారు 2.7 మీటర్లే. తేడా ఎంత పొడవన్న దాంట్లో లేదు, ఆ పొడవులో గొట్టం ఎక్కడి నుంచి లావెక్కుతోందన్న దాంట్లో ఉంది.

ట్రోంబోన్‌లో స్లయిడ్ ముందుకూ వెనక్కూ జారాలి కాబట్టి ఆ భాగమంతా ఒకే లావు ఉండక తప్పదు. లోపలి వ్యాసం మోడల్‌ని బట్టి 12.5 నుంచి 14 మి.మీ. దాకా ఉంటుంది. చివరికొచ్చాక గానీ విచ్చుకోదు. విచ్చుకుని 20, 21 సెం.మీ. బెల్ (గొట్టం చివరి వెడల్పు నోరు) అవుతుంది. యుఫోనియం వాల్వుల (వేళ్లతో నొక్కే మీటల) దగ్గరే 15 మి.మీ.కి దగ్గర్లో ఉంటుంది. అవి దాటినప్పటి నుంచి లావెక్కుతూనే పోయి 28 నుంచి 30 సెం.మీ. నోరు తెరుస్తుంది.

మెల్లగా ఊదినప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. ఇద్దరినీ తెర వెనక నిలబెట్టి ఒకే స్వరం సన్నగా ఊదించండి. ఏది ఏదో చెప్పడానికి తడుముకుంటారు. బలం పెంచుతూ పోతే అప్పుడు విడిపోతాయి. కారణం ఇది. శబ్దతరంగంలో గాలి ఒత్తుకున్న భాగం పల్చబడ్డ భాగం కన్నా రవ్వంత వేగంగా నడుస్తుంది. మామూలు మాటల్లో, పాటలో ఈ తేడా లెక్కలోకి రాదు. ట్రోంబోన్‌ని దంచి ఊదినప్పుడు మౌత్‌పీస్‌లో (పెదాలు ఆనించి ఊదే గిన్నెలో) ఒత్తిడి ఎంత పెరుగుతుందంటే, ఆ ఒత్తుకున్న భాగం దారిలోనే ముందున్నదాన్ని తరుముకొస్తుంది. గుండ్రంగా బయల్దేరిన అల ముందువైపు నిటారుగా లేస్తుంది. ఆ నిటారు అంచే మనకు రేకు చీల్చిన మోతగా వినిపిస్తుంది. మరీ గట్టిగా ఊదితే ట్రోంబోన్ గొట్టంలో అచ్చమైన షాక్ తరంగమే పుడుతుందని 1996లో కొలిచి చూపించారు.

అల నిటారవ్వాలంటే దానికి బలమూ ఉండాలి, దూరమూ ఉండాలి. సన్నని, ఒకే లావు గొట్టం రెండూ ఇస్తుంది. యుఫోనియంలో గొట్టం తొందరగా లావెక్కడం వల్ల అల పలచబడిపోతుంది, నిటారయ్యే బలం మిగలదు. కుర్రాడు బుగ్గలు పగిలేలా ఊదినా గొట్టం దాన్ని గుండ్రం చేసేస్తుంది. దాన్ని అందుకే చేశారు మరి.

వినబడకపోవడానికి రెండో కారణం కూడా ఉంది. పై అనుస్వరాలు (అసలు స్వరంతో పాటే మోగే పై స్వరాలు) బెల్ ఎటు చూస్తే అటు టార్చిలైటులా తిన్నగా పోతాయి, కిందివి అన్ని వైపులా పరుచుకుంటాయి. ట్రోంబోన్ బెల్ జనం మొహాన ఉంటుంది, యుఫోనియం బెల్ చాలావాటిలో ఆకాశం చూస్తుంది. ఆరుబయట ఆ పై అనుస్వరాలను తిప్పి పంపే కప్పు లేదు. కాబట్టి ఊరేగింపులో దాన్ని గోడల పక్కకో, వరసలో వెనకకో నెట్టకండి. పల్లవి సాగదీసే చోటు యుఫోనియంకి, దరువుతో పాటు తెగి వినబడాల్సిన ముక్కలు ట్రోంబోన్‌కి పంచితే ఎవరి ఊపిరీ వృథా కాదు.

ప్రశ్న: ఒక చివర మూసిన గొట్టంలో బేసి అనుస్వరాలే వస్తాయని పాఠం చెబుతాం. బ్యూగిల్ ఒక చివర పెదాలతో మూసినట్టే కదా. మరి అందులో సరి, బేసి అన్నీ ఎలా వస్తున్నాయి? పిల్లలు అడిగితే తప్పించుకున్నాను. – ఫిజిక్సు లెక్చరర్, నల్గొండ

జవాబు: ఇకమీద తప్పించుకోనక్కర్లేదు, క్లాసులోనే చేసి చూపించండి. కావలసినవి: లోపలి వ్యాసం 12 మి.మీ. ఉన్న తోట గొట్టం 1.4 మీటర్లు, ఒక ట్రంపెట్ మౌత్‌పీస్, కిరోసిన్ పోసుకునే గరాటు, కాస్త టేపు.

ముందు గరాటు లేకుండా, మౌత్‌పీస్ కూడా లేకుండా, గొట్టం చివరే పెదాలకు ఆనించి బుర్రుమని ఊదండి. సూత్రం ప్రకారం 61, 184, 306, 429 హెర్ట్జ్ దగ్గర అనునాదాలు (గొట్టంలో గాలి బలంగా మోగే చోట్లు) రావాలి, అంటే 1:3:5:7. మొదటిది పెదాలకు దొరకడం కష్టం, వదిలేయండి. రెండోదాన్ని షడ్జమం అనుకుంటే మూడోది చతుశ్రుతి ధైవతం మీద పడుతుంది. ఆ మూడోదాన్ని షడ్జమం చేసుకుంటే నాలుగోది ప్రతి మధ్యమానికి అటూ ఇటూగా ఉంటుంది. బ్యూగిల్ పాట ఈ మెట్ల మీద ఎక్కదు.

ఇప్పుడు టేపు చుట్టి మౌత్‌పీస్ బిగించండి, రెండో చివర గరాటు పెట్టండి. మెట్లు జరుగుతాయి. గరాటు అసలైన బెల్ కాదు కాబట్టి అచ్చంగా కుదరవు, కానీ స, ప, పై స అన్న వరస వైపు దగ్గరపడటం చెవికి తెలుస్తుంది.

జరిగేదేమిటంటే, బెల్ లోపల తరంగం అంచు దాకా వెళ్లి తిరిగి రాదు. పౌనఃపున్యం ఎంత తక్కువైతే అంత ముందుగానే, ఇంకా సన్నగా ఉన్న చోటే వెనక్కి తిరుగుతుంది. అంటే కింది స్వరాలకు గొట్టం పొట్టిది, పై స్వరాలకు పొడుగుది. పొట్టి గొట్టం కాబట్టి కింది అనునాదాలు పైకి జరుగుతాయి. మౌత్‌పీస్ దానికి ఎదురు పని చేస్తుంది. దాని గిన్నె, ఇరుకు గొంతు కలిసి పై అనునాదాలను కిందికి లాగుతాయి. కింది నుంచి ఒకరు నెట్టి, పైనుంచి ఒకరు లాగితే 3:5:7:9 అన్నది దగ్గరకు నొక్కుకుపోయి 2:3:4:5 అవుతుంది. ఈ సర్దుబాటు నిమిషాల్లో జరిగింది కాదు. కొన్ని వందల ఏళ్లు పనివాళ్లు చెవితో విని, బెల్ వంపు దిద్దుకుంటూ వస్తే కుదిరింది. లెక్క ఎందుకు కుదిరిందో విడమరచి చెప్పినవాళ్లలో అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ బెనేడ్ ముఖ్యుడు.

ఒక్కటి మాత్రం వరసలో చేరలేదు. అన్నిటికన్నా కిందిది ఉండాల్సిన చోటు కన్నా బాగా కిందే ఉండిపోయింది. ట్రోంబోన్ వాళ్లు పెడల్ అనే ఆ అట్టడుగు స్వరం పలికించినప్పుడు అక్కడ దానికంటూ అనునాదం లేదు. పైనున్న రెండోది, మూడోది, నాలుగోది చేతులు కలిపి దాన్ని నిలబెడతాయి.

బ్యూగిల్ ఐదు మెట్లూ మన లెక్కలో స, ప, స, గ, ప. ఆ గాంధారం అంతర గాంధారం. ఏడో అనుస్వరం కైశికి నిషాదం కావాలి గానీ హార్మోనియం మెట్టు కన్నా 31 సెంట్లు తక్కువ పలుకుతుంది (ఒక అరస్వరానికి వంద సెంట్లు). అందుకే బ్యూగిల్ పాటల్లో దాని జోలికి పోరు.

ప్రశ్న: ట్రంపెట్‌ని ఇలా మెలికలు తిప్పడం వల్ల శబ్దం మారదా? తిన్నగా ఉంటే ఇంకా బాగా మోగుతుందేమో. – పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: మారుతుంది, కానీ చెవికి పట్టేంత కాదు. చాపితే దాదాపు మీటరున్నర వచ్చే గొట్టం భుజం మీద మోయలేక చుట్టారు. గుళ్లలో ఊదే కొమ్ము ఎస్ ఆకారంలో ఉన్నా సి ఆకారంలో ఉన్నా ధ్వనిని తీర్చేది మొదలు నుంచి చివరికి అది ఎంత లావెక్కుతుందన్నదే. శంఖం లోపల గుండ్రంగా తిరిగే దారీ అంతే, అది చుట్టచుట్టిన శంకువు. దాని నోట్లోకి వేళ్లు పెడితే స్థాయి దిగుతుంది చూడండి. వంపు మార్చలేదు, నోరు మూశారు, అంతే. ఫ్రెంచ్ హార్న్ వాళ్లు బెల్‌లో చెయ్యి పెట్టుకుని కూర్చునేదీ ఇందుకే.

వంచేటప్పుడు గొట్టం నొక్కుకుపోతే మాత్రం అది వేరే సంగతి. అందుకే గొట్టంలో తారు లాంటి పదార్థం కరిగించి పోసో, సబ్బునీళ్లు గడ్డకట్టించో వంచుతారు. వంపులో గుండ్రం చెడితే అది సొట్టతో సమానం. సొట్ట సంగతి తరవాతి జవాబులోనే.

ప్రశ్న: నా ట్రంపెట్ బెల్ అంచు మడత పడింది. చూడ్డానికి అసహ్యంగా ఉంది గానీ మోత బాగానే ఉంది. మా వాడి ట్రంపెట్‌కి మౌత్‌పీస్ దగ్గర గొట్టం మీద శనగగింజంత సొట్ట. వాడిది ఒక్క స్వరం మాత్రం నిలవదు, జారిపోతుంది. చిన్న సొట్టకే అంత ఉంటుందా? – పెళ్లి బ్యాండు కళాకారుడు, జనగామ

జవాబు: సొట్ట సైజు చూసి కాదు, అది పడ్డ చోటు చూసి భయపడాలి.

మౌత్‌పీస్ దూరే ఆ మొదటి గొట్టాన్ని లీడ్‌పైప్ అంటారు. ట్రంపెట్‌లో అది మొదట్లో సుమారు 9 మి.మీ. లోపలి వ్యాసంతో మొదలై, 20, 25 సెం.మీ. లోపు మామూలు 11.7 మి.మీ.కి చేరుతుంది. అక్కడ ఒక మి.మీ. లోపలికి నొక్కుకుపోతే దారిలో చెప్పుకోదగ్గ వంతు మూసుకుపోయినట్టే. బెల్ దగ్గర గొట్టం 12 సెం.మీ. వెడల్పు, అక్కడ మడత పడినా గాలికి తగిలేది సముద్రంలో కాకిరెట్ట.

ఒక్క స్వరమే ఎందుకు పోయిందంటారా, ప్రతి స్వరానికీ గొట్టం లోపల ఒత్తిడి ఎక్కువ ఊగే చోట్లు కొన్ని, గాలి ఎక్కువ కదిలే చోట్లు కొన్ని వేరువేరుగా ఉంటాయి. ఒత్తిడి ఊగే చోట గొట్టం ఇరుకైతే ఆ స్వరం పైకి పోతుంది. గాలి కదిలే చోట ఇరుకైతే కిందికి దిగుతుంది. ఆ సొట్ట ఒక స్వరాన్ని పైకీ, దాని పై అనుస్వరాన్ని కిందికీ నెట్టి ఉంటుంది. అవి రెండూ ఒకదాన్నొకటి మోయాల్సినవి. ఇప్పుడు చెరోవైపు లాగుతుంటే పెదాలు నడుమ చిక్కుకుంటాయి. అదే మీవాడు అనే జారుడు.

సొట్ట తీయించే ముందు ఒక పని చేయించండి. ట్యూనింగ్ స్లయిడ్ (శ్రుతి సర్దుకునే జారుడు గొట్టం) పూర్తిగా లాగేసి లీడ్‌పైప్‌లోంచి ట్యూబులైటు వైపు చూడండి. లోపల పచ్చగానో, బూడిదరంగులోనో పొర పేరుకుని ఉంటే అదీ సొట్టే, గొట్టం పొడుగునా పరుచుకున్న సొట్ట. చాలామంది బాగుచేసే వాడి దగ్గరికి పరిగెత్తేది ఈ పొరకే. బ్రష్షు పెట్టి తోమితే పోతుంది. అప్పటికీ స్వరం నిలవకపోతే నీళ్లు వదిలే మీట కింద కార్కు చూడండి. అది ఎండి పగిలి గాలి కారినా లక్షణాలు ఇవే. కార్కు మీద వేలు గట్టిగా నొక్కిపెట్టి అదే స్వరం ఊదించండి. నిలిచిందా, రోగం దొరికినట్టే.

నిజంగా సొట్టే అయితే లోపలికి సరిపోయే ఉక్కు గోళీ దూర్చి తీసేవాళ్ల చేతికే ఇవ్వండి. పైనుంచి సోల్డర్ అంటించి లాగడం, సుత్తితో సర్దడం వద్దు. లీడ్‌పైప్ రేకు అర మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది. రెండుసార్లు సాగితే చిరుగుతుంది.

ప్రశ్న: పెద్ద మౌత్‌పీస్ కొంటే పెద్ద శబ్దం వస్తుందని కొట్టువాడు అంటగట్టాడు. పెద్దదే వచ్చింది గానీ పై స్వరాలు పోయాయి. – పాఠకుడు, కడప

జవాబు: కొట్టువాడు సగం నిజమే చెప్పాడు. ట్రంపెట్ మౌత్‌పీస్ గిన్నె లోపలి వ్యాసం ఎక్కువగా 16, 17 మి.మీ. మధ్య ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు ఇచ్చే 7సి సైజు 16 మి.మీ. పైన కొద్దిగా. అర మి.మీ. పెరిగినా పెదం ఊగే భాగం పెరుగుతుంది, దాన్ని మోసే కండ కూడా పెరగాలి. ఆ కండ రావడానికి నెలలు పడుతుంది.

ధ్వని రంగును మార్చేది వెడల్పు కన్నా లోతు. గిన్నె లోతుగా ఉంటే అందులో పట్టే గాలి ఎక్కువ, దాని సొంత అనునాదం కిందికి దిగుతుంది. మౌత్‌పీస్‌ని విడిగా పట్టుకుని గిన్నెవైపు అరచేతికి చప్పున కొట్టండి, టప్‌మని ఒక స్వరం వస్తుంది. ట్రంపెట్ మౌత్‌పీస్‌కి అది 800 హెర్ట్జ్‌కి అటూ ఇటూ ఉంటుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన కొట్టి వినండి. కొత్తదాని టప్ బాగా కింద ఉంటే పై స్వరాలు ఎటు పోయాయో తెలిసిపోతుంది. ఆ స్వరం చుట్టూ ఉన్న అనునాదాలకే మౌత్‌పీస్ బలం ఇస్తుంది. లోతు తగ్గితే మెరుపు, పదును. లోతు పెరిగితే మెత్తదనం, కిందిస్థాయిలో నిండుదనం. రెండూ ఒకే గిన్నెలో కావాలంటే దొరకవు.

గిన్నె అడుగున ఉన్న రంధ్రం మామూలుగా 3.66 మి.మీ. దాన్ని డ్రిల్లుతో పెద్దది చేయించుకునే వాళ్లున్నారు. తీసిన లోహం మళ్లీ రాదు, శ్రుతి చెడితే మౌత్‌పీస్ పారేయాల్సిందే. వద్దు.

ఇంకొకటి చూసుకోండి. మౌత్‌పీస్ కాడ లీడ్‌పైప్‌లోకి రెండున్నర సెం.మీ. దాకా దిగి, కదపబోతే కదలకుండా కూర్చోవాలి. వదులుగా ఊగుతుంటే కాడ వాలు సరిపోలేదన్నమాట. చాలా పైనే ఆగిపోతే గొట్టం పొడవు పెరిగి శ్రుతి తగ్గుతుంది. కాగితం చుట్టి సర్దితే గాలి కారుతుంది. కింద పడేసి కాడ చివర నలిగితే అదే పెద్ద నష్టం, అక్కడ అంచు గుండ్రంగా లేకపోతే ప్రతి స్వరం మొదలవడమే తడబడుతుంది. ఇరుక్కుపోతే పట్టకారు వేసి తిప్పకండి. దాన్ని లాగే పనిముట్టు వేరే ఉంది. లేకపోతే రేడియేటర్ అతుకులు ఊడినట్టు లీడ్‌పైప్ అతుకులు ఊడతాయి.

ప్రశ్న: మే నెల పెళ్లిళ్లలో మా ట్రంపెట్లు కీబోర్డు కన్నా ఎక్కువ శ్రుతిలో పోతున్నాయి. ఎండకి ఇత్తడి సాగడం వల్లేనా? – బ్యాండు కళాకారుడు, విజయవాడ

జవాబు: ఇత్తడి సాగితే గొట్టం పొడుగై శ్రుతి తగ్గాలి కదా, పెరగకూడదు. సాగుతుంది కూడా, కానీ 18 డిగ్రీల వేడికి 148 సెం.మీ. ట్రంపెట్ గొట్టం పెరిగేది అర మి.మీ. శ్రుతిలో అది ఒక సెంటు కూడా కాదు. పెరగడానికి కారణం గాలి. 20 డిగ్రీల్లో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతే 38 డిగ్రీల్లో 354 పోతుంది. లోపలి గాలంతా అలా వేడెక్కితే యాభై సెంట్లకు పైగా, అంటే అరస్వరంలో సగం పైకి పోతుంది. ఊదేవాడి ఊపిరి చలికాలంలో కూడా గొట్టాన్ని కొంత వెచ్చబెడుతుంది కాబట్టి నిజంగా వచ్చే తేడా ఇంతకన్నా తక్కువే. కానీ కీబోర్డు పక్కన ఊదితే చెవిలో గుచ్చుకునేంత ఉంటుంది.

ట్యూనింగ్ స్లయిడ్ ఒక సెం.మీ. లాగితే రెండు కాళ్లూ కలిపి గొట్టం రెండు సెం.మీ. పెరుగుతుంది, 23 సెంట్లు దిగుతుంది. రెండు సెం.మీ. దాటి లాగాల్సి వస్తే స్వరాల మధ్య దూరాలు చెడతాయి. ఎందుకంటే వాల్వుల గొట్టాలు పాత పొడవుకి చేసినవి. ట్యూనింగ్ స్లయిడ్ 1.3 సెం.మీ. లాగినప్పుడు మొదటి వాల్వు స్లయిడ్ మి.మీ.న్నర, మూడోది రెండున్నర మి.మీ. లాగండి.

దీనికన్నా సుళువు, కీబోర్డునే పైకి జరపడం. మెనూలో ట్యూనింగ్ 440 అని ఉన్నదాన్ని 445 చేస్తే 20 సెంట్లు పెరుగుతుంది. పది ట్రంపెట్లు లాగేకన్నా ఒక బటన్ నొక్కడం నయం. చలికాలం తెల్లవారుజామున ముహూర్తాలకు ఇది తిరగబడుతుంది. అప్పుడు శ్రుతి చూసుకునే ముందు రెండు నిమిషాలు స్వరం పలికించకుండా వెచ్చటి ఊపిరి వదులుతూ గొట్టాన్ని వేడెక్కించండి.

ప్రశ్న: ట్రంపెట్‌లో ఒకటీ మూడూ వాల్వులు కలిపి నొక్కినా, మూడు వాల్వులూ కలిపి నొక్కినా కింది స్వరాలు హెచ్చుగా వస్తున్నాయి. వాయిద్యంలో లోపమా? – విద్యార్థి, హైదరాబాద్

జవాబు: లోపమే, కానీ ప్రపంచంలో దాదాపు ప్రతి మూడు వాల్వుల వాయిద్యంలోనూ ఉన్న లోపం. 148 సెం.మీ. గొట్టాన్ని అరస్వరం దించాలంటే రెండో వాల్వు 8.8 సెం.మీ. కలపాలి. పూర్తి స్వరానికి మొదటిది 18.1, ఒకటిన్నరకి మూడోది 28 కలపాలి. ఇవన్నీ ఖాళీ గొట్టం మీద లెక్క కట్టినవి. మూడూ నొక్కితే ఆరు అరస్వరాలు దిగాలి, దానికి 61.3 సెం.మీ. కావాలి. కూడితే వచ్చేది 54.9. ఆరు సెం.మీ.కి పైగా తరుగు, అది అరస్వరంలో సగమంత హెచ్చు. ఒకటీ మూడుకి తరుగు మూడున్నర సెం.మీ.

మూడో వాల్వు స్లయిడ్‌కి ఉంగరం పెట్టింది అలంకారానికి కాదు. ఎడమచేతి వేలు అందులో ఉంచుకుని ఒకటీ మూడుకి ఒకటిన్నర సెం.మీ. పైగా, మూడింటికి మూడు సెం.మీ. దాకా ముందుకు నెట్టండి. చాలా కంపెనీలు మూడోదాన్ని కాస్త పొడవుగానే చేస్తాయి కాబట్టి చివరి మాట చెవిదే. స్లయిడ్ బిగుసుకుపోయి వేలికి కదలకపోతే మీ సాధనంతా గోడకు కొట్టిన బంతే. ముందు దాన్ని వదులు చేయించండి.

ప్రశ్న: ఎర్ర ఇత్తడి, వెండి పూత అని ధర పెంచుతున్నారు. తేడా ఉందా? ప్లాస్టిక్ ట్రోంబోన్ కూడా చూశాం. – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మామూలు పసుపు ఇత్తడిలో రాగి 70, జింకు 30 పాళ్లు. గోల్డ్ బ్రాస్ అనేదాంట్లో 85, 15. ఎర్రదాంట్లో 90, 10. రాగి ఎక్కువైతే తుప్పు తక్కువ, రేకు మెత్తన. ధ్వనికి వస్తే, ఒకే అచ్చు మీద వేరువేరు మందాల్లో ట్రోంబోన్ బెల్స్ చేయించి, కళ్లు కట్టి వాయించమంటే ఆరితేరిన కళాకారులు కూడా ఏది ఏదో పట్టుకోలేకపోయారు. మరో చోట ట్రంపెట్ బెల్‌ని ఇసుక సంచుల్లో కదలకుండా పెట్టి, కృత్రిమ పెదాలతో ఊదించి చూస్తే యంత్రం కొద్ది తేడా పట్టింది. ఉంది, కానీ చిన్నది. ప్లాస్టిక్ ట్రోంబోన్ ట్రోంబోన్‌లాగే మోగడానికి కారణం లోపలి గాలి ఆకారం అదే కావడం. మా సలహా: పూతకి పెట్టే డబ్బు మంచి వాల్వులున్న వాయిద్యానికి పెట్టండి.

ప్రశ్న: సాక్సాఫోన్ కూడా ఇత్తడిదే కదా, దాన్ని బ్రాస్‌లో ఎందుకు కలపరు? – పాఠకురాలు, ఖమ్మం

జవాబు: బ్రాస్‌లో పెదాలు ఊగుతాయి, సాక్సాఫోన్‌లో రీడు (నోట్లో పెట్టుకునే పల్చని పేడు) ఊగుతుంది. అడాల్ఫ్ సాక్స్ 1846లో పేటెంట్ తీసుకున్న ఈ వాయిద్యం ఒళ్లు ఇత్తడి, వంశం క్లారినెట్‌ది.

ప్రశ్న: మా బాబు ట్రంపెట్‌ని చింతపండుతో తోమి, వాల్వులు ఊడదీసి కడిగి బిగించాను. ఇప్పుడు గాలే పోవడం లేదు. పగిలిందేమో అని భయంగా ఉంది. – ఒక తల్లి, తిరుపతి

జవాబు: పగల్లేదు, కంగారుపడకండి. పిస్టన్లు (వాల్వుల లోపల పైకీ కిందికీ కదిలే ముక్కలు) తారుమారయ్యాయి. మూడింటికీ రంధ్రాలు వేరువేరు చోట్ల ఉంటాయి. ఒకదాని చోట ఒకటి పెడితే రంధ్రం ఎదురుగా గోడ వస్తుంది.

ప్రతి పిస్టన్ మీదా 1, 2, 3 అంకె చెక్కి ఉంటుంది. మౌత్‌పీస్‌కి దగ్గరున్న గూడు ఒకటోది. అన్నీ తీసి, నూలుపోగు రాలని గుడ్డతో తుడిచి, మూడు నాలుగు చుక్కల వాల్వు ఆయిల్ వేయండి. కొబ్బరినూనె వద్దు, చలికాలంలో గడ్డకడుతుంది. కుట్టుమిషన్ నూనె పిస్టన్‌ని బద్ధకస్తుణ్ణి చేస్తుంది. అంకె మౌత్‌పీస్ వైపు ఉండేలా దింపి (చాలా కంపెనీల పద్ధతి ఇదే), టక్‌మని కూర్చునేదాకా మెల్లగా తిప్పండి. ఆ టక్ పిస్టన్ పక్కనున్న చిన్న పలక గాడిలో పడిన చప్పుడు. పడకుండా మూత బిగిస్తే సరైన పిస్టనే అయినా గాలి పోదు. ఒక్కోటి బిగించాక ఊది చూసుకుంటూ పోండి, ఏది అడ్డమో అక్కడే దొరుకుతుంది.

మీటల కింద ఉండే ఫెల్టు బిళ్లలు కడిగేటప్పుడు పోయాయేమో కూడా చూడండి. అవి లేకపోయినా, అరిగి పల్చబడినా పిస్టన్ ఆగాల్సిన చోట ఆగదు, రంధ్రాలు సగం సగం కలుస్తాయి. గాలి పోతుంది కానీ ముక్కు దిబ్బడ వేసినట్టు మోగుతుంది.

చింతపండు, ఇత్తడి తోమే పొడి మాత్రం ఇక వద్దు. పులుపు పైపూతను, దాని కింద జింకును తినేస్తుంది. పొడి రేణువు వాల్వులోకి వెళితే గీత పడుతుంది, ఆ గీత వెంట గాలి కారుతుంది. నెలకోసారి వాల్వులు తీసేసి, గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు కలిపి ఇరవై నిమిషాలు నాననిచ్చి, పొడుగు బ్రష్షుతో లీడ్‌పైప్ తోమితే చాలు. మరిగే నీళ్లు పోస్తే పూత లేచిపోతుంది. స్లయిడ్లకు పెట్రోలియం జెల్లీ సన్నగా రాయండి. లీడ్‌పైప్ మీద గులాబీ, ఎరుపు మచ్చలు ఎక్కడైనా కనిపిస్తే తోమి పోగొట్టాలని చూడకండి. అక్కడ జింకు పోయి రాగి మిగిలింది, రేకు లోపలి నుంచి పల్చబడింది. ఆ గొట్టాన్ని మార్పించాల్సి వస్తుంది.